మూడు వారాల పటిక

బేరంలో నన్ను కొట్టేవాడు మదీనాగూడ నుంచి కోకాపేట దాకా ఎవడూ లేడు. గొప్పలు కాదు, రుజువు చూపిస్తాను. ఉద్యోగం పోయి నాలుగు నెలలు దాటాక, ఉద్యోగం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న ఒక మనిషి నాకు ఆరు వారాల గడువు ఇచ్చింది. దాన్ని నేను మూడుకు దించాను. ఒక్క నిమిషం పట్టింది. నా గడువును నేనే సగానికి తెగ్గోసుకుని, బేరం గెలిచినవాడిలా ఆవిడకు దండం పెట్టి లిఫ్టు ఎక్కాను.

మాది లింగంపల్లిలో కిరాణా దుకాణం. నాన్న పోయాక అక్క నడుపుతోంది. నేను బియ్యం బస్తాల మీద కూర్చుని చదువుకుని, హైటెక్ సిటీలో పదిహేడేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. అంటే ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో వెతికి చెప్పే పని. ఒకరోజు ఆ పని మనుషులు చేయనక్కర్లేదని కంపెనీ కనిపెట్టింది. నలభై ఆరేళ్ళవాణ్ణి మళ్ళీ పనిలో పెట్టుకునే వాళ్ళ కోసం వెతకడం మొదలుపెట్టాను.

హైటెక్ సిటీలోనే ఒక అద్దాల భవనం నాలుగో అంతస్తులో చిన్న ప్రయోగశాల ఉంది. వారమంతా తెరల ముందు కూర్చుని విసిగినవాళ్ళు శని, ఆదివారాలు అక్కడికొచ్చి టంకం వేస్తారు, దుర్భిణులు బిగిస్తారు, నిమ్మకాయలతో దీపాలు వెలిగిస్తారు. ఇంట్లో చేసుకోవడానికి డబ్బాల్లో కిట్లు కూడా అమ్ముతారు. నేను అక్కడికి రెండేళ్ళుగా వెళ్తున్నాను. కిట్లు తయారుచేసే మనిషి కావాలని తెలిసి, ఆ ప్రయోగశాల నడిపే మేడమ్ ముందు కూర్చున్నాను.

"ఒక కిట్ చేసి తీసుకురండి," అంది మేడమ్. "ఒకటే షరతు. మీ కాగితం మీద రాసింది రాసినట్టు చేస్తే ఐదు కిట్లకు ఐదూ పనిచేయాలి. నాలుగు పనిచేస్తే మాకు వద్దు. ఏం చేద్దామనుకుంటున్నారు?"

"పటిక స్ఫటికం మేడమ్. సీసాకు ఒక్కటే. అద్దంలా, బొటనవేలి గోరంత."

"అది నెమ్మదిగా పెరిగేది కదండీ. ఆరు వారాలు తీసుకోండి."

ఎదుటివాడు ఒక అంకె చెబితే తగ్గించకుండా ఊరుకోవడం మా ఇంట్లో ఎవరికీ రాదు. కొనేటప్పుడు తగ్గిస్తాం. అమ్మేటప్పుడు, గిరాకీ చేజారుతుందేమోనన్న భయంతో మేమే ముందుగా తగ్గిస్తాం. ఆ రోజు నేను అమ్మకానికి పెట్టింది నన్నే.

"ఆరెందుకు మేడమ్, మూడు చాలు."

"తొందరేం లేదండీ."

"మూడంటే మూడే మేడమ్. మీకు ఇంకో మాట చెప్పను."

ఆవిడ క్యాలెండర్ చూసింది. "అయితే ఆ శనివారం మా డైరెక్టర్లు వస్తున్నారు. వాళ్ళ ముందే చూసి అప్పుడే తేల్చేస్తాం. ఇంకొకాయన కూడా కిట్ తెస్తున్నాడు."

ఇంటికొచ్చి చెబితే నా భార్య అన్నం వడ్డిస్తూ ఆగిపోయింది. ఆమెది గోదావరి జిల్లా. తండ్రి ట్రెజరీ ఆఫీసులో గుమాస్తా. రూపాయి తక్కువైనా, ఎక్కువైనా లెక్క తేలేదాకా ఆయన కుర్చీలోంచి లేవడని పేరు. ఈమె కోకాపేటలో ఒక కంపెనీలో పనిచేస్తుంది.

"ఆవిడే ఆరు ఇస్తానంటే మీరెందుకండీ తగ్గించారు?"

"మూడు వారాల్లో పని చేసే మనిషి అనిపించుకోవాలని."

"ఎవరితో అనిపించుకోవాలని?"

ఆమె గరిటె కిందపెట్టి మెల్లగా చెప్పింది. "మా టీమ్‌లో కూడా ఇద్దరిని మీటింగుకి పిలిచారండి, ఇవాళ." ఆ మీటింగ్ అంటే ఏమిటో మా అపార్టుమెంటులో వాచ్‌మన్‌కి కూడా తెలుసు. అప్పటికే ఇద్దరం ఒక మాట అనుకుని ఉన్నాం. నాకు ఈ నెలాఖరుకి ఏదీ దొరక్కపోతే నల్లగండ్ల ఫ్లాటు అద్దెకిచ్చి, ఆ అద్దెను బ్యాంకు వాయిదాకు కట్టి, అక్క దుకాణం మీదున్న రెండు గదుల్లోకి మారిపోవాలి. మెట్లు దిగితే ఎండుమిర్చి ఘాటు, మెట్లు ఎక్కితే కిరసనాయిలు వాసన. అక్కణ్ణుంచి బయటపడ్డానని పదిహేడేళ్ళుగా కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాను. మళ్ళీ అక్కడికే వెళ్ళడమా, కాదా అన్నది ఐదు సీసాలు తేల్చాలి.

మర్నాడు పొద్దున్నే అక్క దగ్గరికి వెళ్ళి ఐదు కిలోల పటిక అడిగాను.

"ఐదు కిలోలా? ఏందిరా, క్షవరం దుకాణం గిట్ల పెడుతున్నవా?" అంది అక్క.

"ఉద్యోగం కోసమే అక్కా."

"పటికతోటి ఉద్యోగమా. గందుకేనా నాన్న నిన్ను అంత దూరం చదివిచ్చింది?"

"హోల్‌సేల్ రేటు చెప్పు."

"ఇంటోనివి కదా, జర ఎక్కువే చెప్త," అని అక్క తూచింది. కాటా సరిపోయింది. సంచిలో పోసి, మూతి కట్టబోతూ ఇంకో గడ్డ తీసి అందులో పడేసింది. చూడకుండానే, నాతో మాట్లాడుతూనే. నేనూ పట్టించుకోలేదు. మా దుకాణంలో ఏ సంచీ కొసరు పడకుండా మూతి కట్టించుకోదు.

పటిక ఎందుకు ఎంచుకున్నానంటే అది నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. దుకాణం గుమ్మానికి నల్లదారంతో కట్టి దిష్టికి వేలాడదీసిన గడ్డ కింద నుంచే నేను బడికి వెళ్ళేవాణ్ణి. వానాకాలంలో అది చెమర్చేది, ఎండాకాలంలో మెరిసేది. అందులో ఏదో జరుగుతోందని ఐదో తరగతిలోనే అనిపించింది. ఒకసారి నాకి చూశాను కూడా. నోరంతా ముడుచుకుపోయింది. నా మొదటి ప్రయోగం అదే అనుకోవచ్చు.

పని వినడానికి తేలిక. గోరువెచ్చని నీళ్ళలో లెక్క ప్రకారం పటిక పొడి కరిగించాలి. బట్టలో వడకట్టి చల్లారనివ్వాలి. ముందే పెంచుకున్న చిన్న పటిక పలుకుని సన్నటి నైలాన్ దారానికి కట్టి, సీసా మధ్యలో వేలాడదీసి, పైన కాగితం కప్పి కదపకుండా వదిలేయాలి. నీళ్ళు కొంచెం కొంచెంగా ఆవిరవుతుంటే, నీళ్ళు మోయలేని పటిక వచ్చి ఆ పలుకు మీద కూర్చుంటుంది. అలా పలుకు పెరుగుతుంది. చిక్కల్లా ఒక్కటే. పటిక తక్కువైతే నీళ్ళు ఆ పలుకునే తినేస్తాయి. ఎక్కువైతే పలుకు మీద కూర్చోకుండా సీసా అడుగున, గోడలకు, దారానికి, ఎక్కడ పడితే అక్కడ పంచదారలా రాలిపోతుంది. ఆ రెండింటికీ మధ్య ఉన్న సందు చాలా సన్నం. అరలీటరు నీళ్ళకు ఎనభై గ్రాములని లెక్క తేల్చుకుని కాగితం మీద రాశాను.

నాలుగో రోజు చూస్తే ఐదు సీసాలు ఐదు రకాలుగా ఉన్నాయి. ఒకదాంట్లో అడుగంతా పంచదార. ఒకదాంట్లో పలుకు చుట్టూ పొక్కుల్లాంటి గడ్డలు. ఇంకొకదాంట్లో దారం మొత్తం ముళ్ళు. ఒక్కటి మాత్రం బాగానే ఉంది. అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది అదే. అన్నీ చెడితే లెక్క తప్పని అర్థం. ఒక్కటి బాగుందంటే నేను చేస్తున్నదేమిటో నాకే తెలియదని అర్థం.

నీళ్ళను అనుమానించాను. మా అపార్టుమెంటుకు రోజు మార్చి రోజు ట్యాంకర్ వస్తుంది. ఆ నీళ్ళు ఏ బోరువో పైవాడికే తెలియాలి. డబ్బా నీళ్ళు కొన్నాను. కొట్టువాడి దగ్గర రెండు డబ్బాల మీద ఐదు రూపాయలు తగ్గించాను, అది వేరే సంగతి. ఎనిమిదో రోజుకి మళ్ళీ ఐదు రకాలు.

ఎండను అనుమానించాను. మధ్యాహ్నం ఇల్లు కాగిపోతుంది, సాయంత్రానికి చల్లబడుతుంది. ఆ ఎగుడుదిగుళ్ళకు పటిక నిలవదు. పడకగదిలో ఏసీ ఒకే అంకె మీద పెట్టి, చెక్క బీరువాలో నా భార్య పట్టుచీరలు తీయించి, ఆ అరలో సీసాలు పెట్టాను. ఆమె చీరలు మంచం కింద పెట్టెలోకి వెళ్ళాయి. ఎనభై గ్రాములు కొట్టేసి డెబ్బై ఎనిమిది రాశాను. పదకొండో రోజున ఒక సీసాలో పలుకు పూర్తిగా కరిగిపోయి, ఖాళీ దారం వేలాడుతోంది. దాని పక్క సీసాలో అడుగంతా పంచదార. ఒకే పటిక, ఒకే నీళ్ళు, ఒకే అర.

ఆ రోజు నేను బీరువా తలుపు తెరిచి పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. పదిహేడేళ్ళు ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ పట్టి జీతం తీసుకున్నవాణ్ణి. అరలీటరు నీళ్ళలో నా తప్పు నాకు దొరకడం లేదు. పది రోజులున్నాయి. దీపావళి తర్వాత ఇస్తానని ఎవడైనా అరువు అడిగితే నాన్న గల్లాపెట్టె మీద వేళ్ళతో తట్టేవాడు. నా వేళ్ళు బీరువా తలుపు మీద అలాగే తడుతున్నాయని కాసేపటికి గమనించాను.

పన్నెండో రోజు పొద్దున నా భార్యకు ఇంటి నుంచే పని. వంటింటి బల్లకు ఆ చివర ఆమె లాప్‌టాప్, ఈ చివర నా కాటా. ఏదో కాల్‌లో ఉంది, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. నేను మళ్ళీ ఎనభై గ్రాముల లెక్కకే వచ్చి కొత్త విడత తూచుతున్నాను. రెండో సీసాకు వచ్చేసరికి ఆమె మైకు ఆపేసింది.

"అదేంటండీ అది?"

"ఏది?"

"తూచేశాక మళ్ళీ వేశారేంటి?"

"నేనేం వేయలేదే."

"వేశారండీ. పళ్ళెం కాటా మీంచి తీసి, సీసాలో పోసేముందు ఎడం చేత్తో."

"నీకు నిద్ర చాల్లేదు."

ఆమె ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. "ఐదు పళ్ళేలు తూచండి. సీసాలో పోయకండి. మీ పద్ధతిలోనే, మామూలుగా, నాతో మాట్లాడుతూ."

తూచాను. మా అక్క మోకాళ్ళ నొప్పుల గురించి ఆమె అడుగుతూ ఉంది, నేను చెబుతూ ఉన్నాను. అయిదూ అయ్యాక ఆమె ఒక్కో పళ్ళెం తీసి మళ్ళీ కాటా మీద పెట్టి గట్టిగా చదివింది. ఎనభై మూడు. ఎనభై ఆరు. ఎనభై రెండు. ఎనభై అయిదు. ఎనభై నాలుగు.

"పటికకి కూడా కొసరు వేస్తున్నారా మీరు?" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. నేను నా ఎడమచేతిని చూసుకున్నాను. వేళ్ళ చివర తెల్లటి పొడి. కాటా మీద సరిగ్గా తూచి, పొట్లం కట్టేముందు ఒక చిటికెడు విసరడం నేను ఏడేళ్ళ వయసులో నేర్చుకున్నాను. అది వేయకపోతే నాన్న నా మోచేతి మీద మెల్లగా కొట్టేవాడు. గిరాకీ చూస్తుండగా వేయాలి, కానీ మనం చూస్తున్నట్టు కనిపించకూడదు. ఆ చెయ్యి ఇన్నేళ్ళూ కీబోర్డు మీద ఊరికే కూర్చుంది. పటిక కనపడగానే దాని పని అది మొదలుపెట్టింది.

ఇంతకన్నా అవమానం ఇంకోటి ఉంది. డెబ్బై ఎనిమిది రాసుకున్న విడతలో కూడా కొసరు వేశానన్నమాట. ఒక సీసాకు ఎక్కువ, ఒక సీసాకు తక్కువ, ఒకదానికి మరిచిపోయి అసలు వేయకుండా. పన్నెండు రోజులు నీళ్ళను, ఎండను, ట్యాంకర్‌వాణ్ణి తిట్టాను.

ఎడమచేతిని ప్యాంటు జేబులో పెట్టుకుని ఒంటిచేత్తో ఎనభై గ్రాముల లెక్కకే తూచాను. కాగితంలో ఒక వాక్యం చేర్చాను: తూచిన తర్వాత ఎడమచేయి జేబులో పెట్టుకోండి. రెండు రోజులు తిరిగేసరికి ఐదు సీసాల్లోనూ అడుగు శుభ్రంగా ఉంది. ఐదు పలుకులూ ఒకే వేగంతో, ఒకే ఆకారంలో, రెండు పిరమిడ్లు అడుగులు కలిపి అంటించినట్టు, మొనలతో పెరుగుతున్నాయి. అంత అందమైనదాన్ని నేను నా చేతులతో ఎప్పుడూ చేయలేదు. నాకు సంతోషం కలగలేదు. మిగిలినవే తొమ్మిది రోజులు, అందులోనూ రెండు పోయాయి.

పటికతో బేరం కుదరదు. ఫ్యాను పెడితే నీళ్ళు త్వరగా ఆవిరవుతాయి, మళ్ళీ పంచదార రాలుతుంది. గది చల్లగా చేస్తే కూడా అంతే. దానికి ఎంత కావాలో అంతే తీసుకుంటుంది. గంటగంటకీ బీరువా తెరిచి, సీసా బయటి నుంచి స్కేలు పెట్టి చూసేవాణ్ణి. పద్దెనిమిదో రోజుకి కందిగింజ దాటింది. బొటనవేలి గోరు ఎక్కడ, కందిగింజ ఎక్కడ. నా భార్య కూడా స్కేలు చూసి, పెట్టెలోంచి చీరలు తీసి దులిపి మళ్ళీ అదే పెట్టెలో పెట్టింది. వేరే ఇంటికి సర్దినట్టు సర్దింది.

అక్కకు ఫోన్ చేశాను. ఎందుకు చేశానో అప్పుడు ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటాను.

"గింత దానికి పరేషాన్ ఎందుకురా," అంది అక్క. "నా సంచిలకెల్లి అద్దమోలె ఉన్న గడ్డలు ఐదు తీస్త. తడిబట్టతోటి రుద్ది మొనలు తీసుకో. వాళ్ళేమన్న నాకి చూస్తరా?"

"అది మోసం అక్కా."

"మోసమని తెలిసే గద, నాకు ఫోన్ జేసినవ్."

వెళ్ళాను. తెచ్చాను. ఒక మధ్యాహ్నమంతా కూర్చుని తడిబట్టతో రుద్దాను. గోరంత పెద్దవి, అచ్చు స్ఫటికాల్లాగే వచ్చాయి. నిజం చెప్పాలంటే అసలువాటికంటే ఎక్కువ మెరిశాయి. వాటిని ఒక స్టీలు డబ్బాలో దూది మీద పెట్టాను. పెంచినవి ఇంకో డబ్బాలో. ఆ శనివారం లింగంపల్లి స్టేషనులో ఎంఎంటీఎస్ రైలు ఎక్కి, రెండు డబ్బాలూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. హఫీజ్‌పేట దాటాక రెండు మూతలూ తీసి పక్కపక్కన చూశాను.

నిజాయితీ గెలిచిందని రాసుకోవాలని నాకూ ఉంది. కానీ జరిగింది అది కాదు. రుద్దినవాటి ముఖాలు కొద్దిగా వంకరగా ఉన్నాయి. పెరిగినవాటి ముఖాలు అద్దం ముక్కల్లా తిన్నగా ఉన్నాయి. చూసేవాడు కొంచెం తెలిసినవాడైతే క్షణంలో పట్టేస్తాడు. కల్తీ సరుకు అమ్మేవాడికి ఉండాల్సిన ధైర్యం మా వంశంలో లేదు, చిటికెడు ఎక్కువ వేసే ధైర్యమే ఉంది. హైటెక్ సిటీలో దిగి, రుద్దినవాటి డబ్బాను సంచి అడుగుకి తోసేశాను.

డైరెక్టర్లలో ఒకాయన రిటైరైన ఫిజిక్స్ మాస్టారు. నా ఐదింటినీ నల్లగుడ్డ మీద వరసగా పెట్టి, భూతద్దంతో ఒక్కొక్కటే చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఐదూ ఒకేలా ఉన్నాయే," అన్నాడు మేడమ్‌తో. తర్వాత నా కాగితం చదివి, తలెత్తాడు. "ఈ ఎడమచేయి జేబులో ఏమిటి?"

చెప్పాను. దుకాణం, పొట్లం, మోచేతి మీద దెబ్బ, అంతా. ఆయన నవ్వాడు. వెక్కిరింపు కాదు. "ఈ వాక్యం మాత్రం ఎప్పుడూ తీసేయకండి," అన్నాడు.

ఆ ఒక్క క్షణం నాకు ఉద్యోగం వచ్చేసినట్టే అనిపించింది. మేడమ్ స్కేలు తీసుకుని ఒకదాని పక్కన పెట్టింది.

"మీరు గోరంత అన్నారు. ఇవి శనగగింజంత ఉన్నాయండీ."

"ఇంకో మూడు వారాలుంటే అంత అవుతాయి మేడమ్. పెరిగే దారి దొరికింది. ఇక ఆగవు."

"నేను ఆరే ఇచ్చానండీ," అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. "మూడన్నది మీరే."

రెండోవాడి కిట్ చిన్న మోటారు. రాగితీగ చుట్ట, అయస్కాంతం, ఒక బ్యాటరీ. ఐదుకు ఐదూ గిర్రున తిరిగాయి. ఉద్యోగం అక్కడికక్కడే అతనికిచ్చారు. అతను ఎన్ని వారాలు అడిగాడో నేను కనుక్కోలేదు. కనుక్కుంటే ఇంటికి నడవలేకపోయేవాణ్ణి.

తర్వాతి వారం అక్క దుకాణంలో నిలబడి పైగదుల అద్దె మాట్లాడాను. కాటా పక్కన నిలబడి ఎంతో చెప్పమన్నాను.

"నువ్వడిగేముందే తగ్గించిన," అంది అక్క. "ఇంకా తగ్గియ్యమంటే కిందనే పండుకోవాలె, బస్తాల మీద."

"ఎంతకు తగ్గించావు?"

"కిరాయి లేదు. పొద్దుగాల రెండు గంటలు గల్లా మీద కూసో. పొట్లాలు కట్టు." నా కాగితం సంగతి ముందే విని ఉంది కాబట్టి ఇంకో మాట కలిపింది, "ఎడమ చెయ్యి జేబుల పెట్టుకోకు. గిరాకీ పోతది."

ఇక లెక్క. పటిక ఐదు కిలోలు, దాని మీద అక్క వేసిన గడ్డ ఒకటి. సీసాలు, నైలాన్ దారం, నీళ్ళ డబ్బాలు. వాటి మీద నేను తగ్గించిన ఐదు రూపాయలు మినహాయించాలి. ఏసీ ఒకే అంకె మీద నడిచిన కరెంటు బిల్లు. పట్టుచీరలకు పట్టిన మడతలు మూడు. కొసరు పోసి పాడుచేసిన రోజులు పన్నెండు. ఇవి నాన్న ఖాతాలో రాయాలనిపించింది, కానీ చెయ్యి నాది. రుద్దిన గడ్డలు ఐదు, అక్కకు వాపసు. వాటిలో ఒకటి ఇప్పుడు దుకాణం గుమ్మానికి నల్లదారంతో వేలాడుతోంది. అడగకుండానే మేడమ్‌కు నేను వదిలేసిన వారాలు మూడు. వీటికి రేటు కట్టలేకపోయాను.

చెల్లింపు: నల్లగండ్ల ఫ్లాటు, అద్దెకు.

చేతికి వచ్చినవి: శనగగింజంత స్ఫటికాలు, ఐదు. తూకం వేసి చూశాను. ఐదూ సమానంగానే ఉన్నాయి.